ఒంటి గంట రాయమల్లు

ఎక్కడైనా సరే, గంట ఒక్కసారి మోగిందంటే రాయమల్లు ఆగిపోతాడు. నడుస్తుంటే కాలు గాల్లో ఆగుతుంది. తింటుంటే ముద్ద నోటి దగ్గర ఆగుతుంది. హార్మోనియం వాయిస్తుంటే, అయ్యో, అసలు గొడవంతా అక్కడే కదా, పాట నట్టనడుమ ఆగిపోతుంది!

నవ్వకండి. దానికో కారణం ఉంది. గోదావరిఖనిలో బొగ్గుబాయి మీద ఆయన హాలేజీ ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాడు. హాలేజీ అంటే మరేం లేదు, బొగ్గు నిండిన టబ్బులను ఇనుప తాడుతో బాయి లోపలి నుంచి పైకి లాగే ఇంజను. లోపలి వాళ్లు గంట కొట్టి చెప్తారు, పైనున్నాయన ఇంజను నడుపుతాడు. రెండు గంటలు కొడితే నడుపు, ఒక్కటి కొడితే ఉన్నపళంగా ఆపు. రాయమల్లు రిటైరైనా ఆ గంట మాత్రం ఆయన్ని వదల్లేదు.

"ఒంటి గంటకు ఆగకపోతె మనుషులు పోతరు. ఆగితె ఏం పోతది?" అంటాడు, చుట్టూ అందరూ నవ్వుతుంటే తనూ నవ్వుతూ.

ఒకసారి ఓ పెళ్లి భోజనాల్లో సారలమ్మ కూతురు హర్షిణి సాంబారు వడ్డిస్తోంది. సారలమ్మంటే చౌరస్తా దగ్గర టైలరింగు షాపు ఆమె. ఆ పిల్ల చెయ్యి జారి గరిటె బండల మీద ఠంగుమని పడింది. సాంబారేమో పెళ్లికొడుకు మేనమామ తెల్ల చొక్కా మీద పడింది. ఆయన కళ్లు ఎర్రజేసి నోరు తెరిచాడు. అంతలోనే ఎదురు వరసలో రాయమల్లు లడ్డూ నోట్లో పెట్టుకుని దిగ్గున లేచి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

"ఒంటి గంట! ఒక్కలు గూడ కదలొద్దు!"

వరసలకు వరసలు పడీ పడీ నవ్వాయి. మేనమామ కూడా తెరిచిన నోటితో నవ్వేశాడు. హర్షిణి సంగతి ఎవరికీ గుర్తులేదు. "మా రాయమల్లన్నకు పిచ్చి ముదిరింది" అని సారలమ్మ కూడా నెత్తి కొట్టుకుంది.

ఆ పిచ్చిని దగ్గరుండి భరించేది సారలమ్మే. ఎందుకంటే ఆమె షాపులోనే, మిషన్లు గోడకు జరిపి, ప్రతి ఆదివారం సాయంత్రం సెకండ్ షిఫ్టు సంగీత మండలి కూర్చుంటుంది. మండలి అంటే నలుగురే. రాయమల్లు హార్మోనియం. జ్యోతినగర్ నుంచి స్కూటరు మీద ఢోలక్ కట్టుకొచ్చే కరెంటు ప్లాంటు ఉద్యోగి వేణుమాధవ్. మంథని నుంచి వచ్చి ఇక్కడి గుళ్లో అర్చకత్వం చేసే లక్ష్మీనరసింహ పంతులు, ఆయన చేతిలో కంచు తాళాలు. పాడేది సారలమ్మ.

సారలమ్మ గొంతెత్తితే చౌరస్తాలో ఆటోలు కూడా హారను కొట్టవని ఆమె నమ్మకం. పాటలు కూడా తనే కడుతుంది, మిషను తొక్కుతూ. ఇక కాగితం మాటెత్తితే ఒప్పుకోదు. "చూసి పాడేటోళ్లు గూడ పాటగాళ్లేనా? చూసి చదివేటోళ్లు వాళ్లు!" అంటుంది.

ఆమె కట్టిన వాటిలో ఆమెకు ప్రాణం లాంటి పాట ఒకటుంది. బాయి పని చేసే మొగుడితో భార్య అంటుంది: "పొద్దు పొడవక ముందె పోతివి, పొద్దు గుంకినంక వస్తివి, సూర్యుడెట్లుంటడో చెప్పనా మామా" అని. ఎంత బాగుంది చూడండి! కానీ ఆ పాటను చివరిదాకా విన్న మనిషి గోదావరిఖనిలో లేడు. పల్లవి అవుతుంది, రెండు చరణాలు అవుతాయి. సారలమ్మ కళ్లు మూసుకుని మూడోది అందుకోబోతుంది. హార్మోనియం పెట్టె టక్కున ఆగిపోతుంది.

"మల్ల ఏమైందన్నా?"

"ఒంటి గంట చెల్లె. పంతులు కొట్టిండు."

"నేను కొట్టలేదయ్యా!" పంతులు తాళాలు ఒళ్లో దాచుకుంటాడు. "దేవుని మీద ఒట్టు, నా తాళం నేను వరసగనే ఏస్తున్న!"

"వరసల నుంచి ఒకటి ఇడిగ పడ్డది పంతులూ. నా చెవులు అబద్ధం చెప్తయా?"

"రేపటి నుంచి నేను తాళాలకు బదులు పత్తి తెచ్చుకుంట. దాంతోనే తాళమేస్త!"

రాయమల్లు లెంపలేసుకుంటాడు. "తప్పు నాదే, కోపం జెయ్యకుర్రి. ఎక్కడికెళ్లి అందుకోవాలె? ఆఁ, 'సద్ది డబ్బ నిండ ఎండ పోసి' కాడికెళ్లి గదా? ఎత్తుకో చెల్లె."

"నేను కట్టిన పాట నాకే నేర్పుతున్నవానే?" సారలమ్మకు ఒళ్లు మండిపోతుంది, ఆ పూటకు పాట అంతటితో సరి. మూడో చరణం మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇదిగో వచ్చేసినట్టే ఉంది. సరిగ్గా అప్పుడే ఈయన ఆపుతాడు, మాట ఎగిరిపోతుంది. ఈయన ఆపకపోతే వచ్చేదే! ముమ్మాటికీ వచ్చేదే!

ఇలాంటి మండలికి కూడా ఏటా టార్గెట్లు ఉంటాయి. బొగ్గు తీసే ఊరు కదా మరి, టార్గెట్ లేకుండా ఇక్కడ పూట గడవదు. జనవరి ఒకటో తారీఖున చౌరస్తాలో బల్లలేసి అమ్మే కేకుల్లోంచి ఒకటి తెచ్చి కోస్తారు. ఆ క్రీము చేతులు తుడుచుకుని ఒక్కొక్కరే హార్మోనియం దగ్గరికొచ్చి, "స" మెట్టు నొక్కి పట్టుకుని ఆ ఏడు టార్గెట్ చెప్పాలి. మెట్టు నొక్కి చెప్పిన మాట వెనక్కి తీసుకోవడానికి లేదు.

ఆ ఏడు వేణుమాధవ్ మెట్టు నొక్కాడు. "ఈసారి నా టార్గెట్, స్పీడు తగ్గించుడు."

"తగ్గించాలె తమ్మీ," అన్నాడు పంతులు. "నువ్వు ఇంటికి పోవాలన్న ఫికర్ల పడి కొడితె మా పాట నీ స్కూటరెనుక ఉరుకుతున్నది."

పంతులు మెట్టు నొక్కి, తను కొట్టని గంటకు ఈ ఏడు ఒక్క మాట కూడా పడనన్నాడు. రాయమల్లు ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు. "ఒంటి గంటకు ఆగకుండ వాయిస్త."

"పోయినేడు గూడ గదే అంటివి!"

"పోయినేడు ఉత్పత్తి తక్కువొచ్చింది, ఏంజేద్దాం," అన్నాడు, ఇంకో ముక్క కేకు అందుకుంటూ.

సారలమ్మ వంతు వచ్చింది. ఆమె మెట్టును ఎంత గట్టిగా నొక్కిందంటే హార్మోనియం మూలిగింది. "డిసెంబర్ల కాలనీ హాల్ల ప్రోగ్రాం ఉంటది గదా. నా పాట ఈసారన్న ముందటికెళ్లి ఆఖరుదాక పాడాలె. మధ్యల ఆగిందనుకో, గంతే. నేను పాడుడు బంద్. మిషన్లు మల్ల నడిమిట్లకు జరుపుత."

కేకు నమిలే శబ్దం కూడా ఆగిపోయింది. ఆమె మాటంటే మాటే. ఆమె పాడకపోతే మండలి ఎక్కడిది? పెట్టె, ఢోలక్, తాళాలు ఎవరింట్లో వాళ్లు అటక మీద పెట్టుకోవాల్సిందే.

ఏడాదంతా సాధన చేశారు. ఏడాదంతా పాట ఆగింది. వేణుమాధవ్ వేగం కొంచెం తగ్గింది. పంతులు ఇంకా మాటలు పడుతూనే ఉన్నాడు.

ప్రోగ్రాం రోజు రానే వచ్చింది. సాయంత్రం హాలు నిండా జనం. షిఫ్టు దిగి అటే వచ్చినవాళ్లు, పిల్లల్ని చంకనేసుకుని వచ్చినవాళ్లు, ముందు వరసలో చేతులు కట్టుకుని కూచున్న పెద్దమనుషులు. వేదిక వెనక సారలమ్మ పంతులును పక్కకు పిలిచింది.

"పంతులూ, తాళాలు గిటు తే."

"ఎందుకమ్మా?"

"ఉంటెనే గదా మోగేది. గంటనే లేకపోతె ఆయనెట్ల ఆపుతడో చూస్త!"

"మరి నేనేం వాయించాలె?"

"తొడ మీద చప్పట్లు ఏసుకో. రాయమల్లన్నకు చెప్పకు."

తాళాలు ఆమె చేతిసంచిలోకి వెళ్లిపోయాయి. నలుగురూ వేదికెక్కారు. రాయమల్లు ఎప్పటిలాగే ఎడమ చెవి సారలమ్మ వైపు పెట్టి కూచున్నాడు. ఎందుకో ఆయన ఎక్కడైనా అలాగే కూచుంటాడు. పంతులు ఆయన వెనక ఉత్త చేతులతో సర్దుకున్నాడు.

పల్లవి గొప్పగా సాగింది. మొదటి చరణానికే చప్పట్లు. రెండో చరణానికి ఎవరో ఈలేశారు. సారలమ్మ కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చి, మూడో చరణానికి నోరు తెరిచింది.

మాట లేదు.

నాలుక చివర లేదు, గొంతులో లేదు, ఎక్కడా లేదు. ఆమె కళ్లు తెరిచింది. హాలంతా తన నోటి వైపే చూస్తోంది. తను కట్టిన పాట! మిషను మీద వందసార్లు పాడుకున్న పాట! ఇంకో క్షణమైతే అందరికీ తెలిసిపోతుంది.

పెట్టె టక్కున ఆగిపోయింది.

"ఆగుర్రి! ఆగుర్రి!" రాయమల్లు రెండు చేతులూ ఎత్తి లేచి నిలబడ్డాడు. "ఒంటి గంట! మా పంతులు ఒంటి గంట కొట్టిండు!"

పంతులు ఇన్నాళ్లూ ఇందుకే కాచుకున్నట్టు దిగ్గున లేచి, రెండు అరచేతులు జనానికి చూపించాడు. "చూడున్రి నాయనా! నా చేతుల్ల ఏమున్నయి? గంటేది? తాళాలేవి?"

హాలు పైకప్పు లేచిపోయేలా నవ్వింది. రాయమల్లు వెనక్కి తిరిగి ఆ ఖాళీ చేతులను చూశాడు. తెల్లమొహం వేశాడు. పాట మొదలైనప్పటి నుంచి తాళం లేదన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది మరి!

"అయితె బాయిల కొట్టిన్రు కావచ్చు," అన్నాడు చెవి రుద్దుకుంటూ. "తప్పు నాదే. 'సద్ది డబ్బ నిండ ఎండ పోసి' కాడికెళ్లి గదా చెల్లె? ఎత్తుకో."

సారలమ్మ ఎత్తుకుంది. "సద్ది డబ్బ నిండ ఎండ పోసి పంపనా, మామా." నవ్వుతున్న వాళ్లంతా ఒక్కసారిగా సద్దుమణిగారు. పాట మొదటిసారి చివరిదాకా వెళ్లింది. ముందు వరస పెద్దమనుషులు కట్టుకున్న చేతులు విప్పి చప్పట్లు కొట్టారు. పాడినామెకు మాత్రం అవేవీ వినిపించడం లేదు. ముందు మాట పోయింది, తర్వాత పెట్టె ఆగింది. ఇంతకాలం ఈ లెక్కను తిరగేసి చూసుకుందన్నమాట!

దిగుతూనే రాయమల్లు భార్య పోశవ్వ దగ్గరికి వెళ్లి కూలబడింది.

"వదినె, ఈ గంటల మనిషితోని ఇంట్ల ఎట్ల ఏగుతున్నవే?"

"గంటలా?" పోశవ్వ మూతి తిప్పింది. "ఆయనకు గంటెక్కడ ఇనవడతది? ఇంట్ల కుక్కర్ సీటీ మీద సీటి కొట్టి పప్పు మాడిపోయినా లేవడు. ఫోన్ మోగితె పక్కింటోళ్లొచ్చి చెప్తరు. హాలేజీ మోతకు సన్న సప్పుళ్లన్ని ఎప్పుడో పోయినయి. మనిషి గొంతు ఇనవడతది, గది గూడ ఎడమ చెవు దిక్కుకెళ్లి."

"మరి... ఆగుడు?"

"నా ముంగట ఎన్నడు ఆగలే. చుట్టాలొచ్చిన్నాడు నేను కూర గిన్నె వారబోసుకున్న, గప్పుడొక్కసారి లేచి చేతులెత్తిండు. నాకు నవ్వాగలే."

సారలమ్మ కూడా నవ్వబోయింది. అంతలో పెళ్లి పంక్తి, సాంబారు చొక్కా, తన పిల్ల బెదిరిన ముఖం కళ్లముందుకొచ్చాయి. రాయమల్లు అవతల ఎవరికో తన గంట జబ్బు గురించి చేతులూపి చెప్పి నవ్విస్తున్నాడు. ఆమె ఆయన్ని ఒక్క మాటా అడగలేదు.

మళ్లీ జనవరి ఒకటో తారీఖు. మళ్లీ కేకు. కానీ ఈసారి ఎవరూ రెండో ముక్క అడగడం లేదు. పాట మధ్యలో ఆగింది కదా! మిషన్లు నడిమికి జరుగుతాయేమోనని అందరూ సారలమ్మ చేతుల వైపే చూస్తున్నారు. ఆమె తీరిగ్గా వచ్చి మెట్టు నొక్కింది.

"ఈ ఏడు నా టార్గెట్, పాట కాగితం మీద రాయించుకొని ముంగట పెట్టుకొని పాడుడు."

వేణుమాధవ్ నోట్లో కేకు అలాగే ఉండిపోయింది. "అక్కా! నువ్వా? కాగితమా?"

"ఏం తమ్మీ, నీకు ఢోలక్, నాకు కాగితం. ఇంకోటి. రాయమల్లన్న టార్గెట్ ఈసారి నేను చెప్త. ఆయన గొంతెత్తి పాడాలె. ఇయ్యాల్నే, ఇప్పుడే."

"నేనా?" రాయమల్లు గోడకు అతుక్కుపోయాడు. "నాకు పాడొస్తదానే? వాయించుడు వేరు, పాడుడు వేరు!"

"మాటలన్ని నీకే వస్తయి గదా. నాకంటె మంచిగ."

రాయమల్లు ఆమె వైపు ఒకసారి చూశాడు. ఎడమ చెవి గోక్కున్నాడు. తప్పించుకునే దారి లేక గొంతు సవరించుకుని, పెట్టె మీద వేళ్లు పెట్టి, "పొద్దు పొడవక ముందె పోతివి" అని ఎత్తుకున్నాడు. గొంతు బొంగురుగా ఉన్నా బాగానే ఉంది. రెండో లైనుకు మాత్రం పైకి వెళ్లలేక వణికి, చీలి, కోడిపెట్ట అరిచినట్టు కీచుమంది. ఆయన ముఖం కందిపోయింది. వేణుమాధవ్ పెదవులు బిగబట్టాడు.

"ఆగుర్రి! ఆగుర్రి!" సారలమ్మ రెండు చేతులూ ఎత్తి దిగ్గున లేచింది. "ఒంటి గంట! పంతులు ఒంటి గంట కొట్టిండు!"

"నేనా?" పంతులు ఏడుపు గొంతుతో లేచాడు. "ఎట్ల కొడుతనమ్మా? నా తాళాలు ప్రోగ్రాం నాటి నుంచి నీ సంచిలనే ఉన్నయి గదా!"

రాయమల్లు ఎత్తి ఉన్న సారలమ్మ చేతుల వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా తలూపాడు.

"లేదు పంతులూ, కొట్టినవు. నాకు గూడ ఇనవడ్డది."