వదిలితే సీదా వచ్చే స్టీరింగ్

తప్పు నాదే. ఆ రోజు సిరిసిల్ల మైదానంలో డ్రైవింగ్ టెస్టుకు పాతిన కర్రలన్నిటినీ పడగొట్టింది నా బామ్మర్ది తిరుపతి అని చూసినవాళ్లు చెబుతారు. నమ్మకండి. కారు నడిపింది అతను, పడగొట్టింది నేను. నేనప్పుడు కారులో కూడా లేను. అంత దూరాన చేతులు కట్టుకుని నిలబడి ఒక మనిషి బతుకుతెరువును ఎలా గుద్దేయవచ్చో చెబుతాను, వినండి.

తిరుపతి నా భార్య లావణ్య తమ్ముడు. సిరిసిల్లలో మా మామతో కలిసి సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. దుబాయిలో ఉన్న దోస్తు ఒకడు, “డ్రైవర్ పని ఖాళీ ఉన్నది, లైసెన్సు జల్ది తెచ్చుకో, ఎక్కువ దినాలు ఆగరు” అని ఫోన్ చేశాడు. తిరుపతి వెంటనే డ్రైవింగ్ స్కూలులో చేరాడు. నేను నోరు మూసుకుని ఉంటే కథ అక్కడితో సుఖంగా ముగిసేది.

కానీ కోరుట్లలో మా ఇంట్లో స్టీరింగ్ ఉంది. కారు లేదు, స్టీరింగే ఉంది. కంప్యూటర్‌కు తగిలించి రేసు ఆటలు ఆడుకునేది. దాని లోపల ఒక మోటారు ఉంటుంది. తెర మీద కారు మలుపు తిరిగినా, గుంతలో పడినా ఆ ఒత్తిడి మన చేతికి తెలిసేలా చేస్తుంది. దాన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు. అది ఎంత ఉండాలో, ఎటు ఉండాలో సెట్టింగుల్లో మనమే సరిచేసుకోవాలి. నేనూ సరిచేశాను. పెళ్లి బంతిలో ఆకలిగా కూర్చున్నవాడిలా, ఉన్నవన్నీ వడ్డించుకున్నాను. ప్రతి గీతనూ చివరిదాకా జరిపాను. ప్రతి గడిలోనూ టిక్కు పెట్టాను. ఒక గడి దేనికో అర్థం కాలేదు. కంపెనీవాడు ఉత్తగనే పెడతాడా అని దానికీ పెట్టాను.

అప్పటినుంచి ప్రతి మలుపులోనూ గోడను గుద్దేవాణ్ణి. రేసంటే ఇంత కష్టం అని నా మీద నాకే గౌరవం పెరిగింది.

“ఆ స్కూలు బంద్ చెయ్,” అన్నాను తిరుపతితో. “గా ముసలి కారుల ఏం నేర్చుకుంటవు? కోరుట్లకు రా. నేను నేర్పుత.”

వచ్చాడు పాపం. లావణ్య కుట్టుమిషను బల్లకే స్టీరింగ్ బిగించాను. మొదటి మలుపుకే బల్ల జ్వరం వచ్చినట్టు వణికింది. కత్తెర, దారపు ఉండలు, ఎవరిదో సగం కుట్టిన జాకెట్టు వరసగా కిందికి దూకాయి.

“ఏందయ్యా గిది? గిరాకీల జాకెట్లు మీ రేసుల తొక్కిస్తున్నరా?” అని వంటింట్లోంచి లావణ్య.

తిరుపతి స్టీరింగ్‌ను పొట్టకు అదుముకుని వేలాడుతున్నాడు. “బావా, గిది స్టీరింగా, సాంచానా? చేతులు గుంజుకపోతున్నది!”

“అది గుంజితే నువ్వు ఎదురు గుంజు. గదే డ్రైవింగ్.”

“గట్ల కాదు బావా. స్కూలు కారుల మలిపినంక వదిలితే, దానంతట అదే సీదా అచ్చేది. గిది వదిలితే ఇంకింత అటే తిరుగుతున్నది.”

ఆ ఒక్క మాట నేను విని ఉంటే! కానీ గురువు స్థానంలో కూర్చున్నవాడికి చెవులు పనిచేయవు.

“ఆ కారుకు బలం లేక సీదా అచ్చింది,” అన్నాను. “గిది అసలు రోడ్డు. దీన్ని గెలిస్తే దుబాయి నీకు దోసకాయ ముక్క.”

తిరుపతి నమ్మాడు. నమ్మి, మలుపు తిరగగానే బలంకొద్దీ వెనక్కి గుంజడం నేర్చుకున్నాడు. చాలా బాగా నేర్చుకున్నాడు.

టెస్టు రోజు మా మామ పనికి నాగా పెట్టి కొత్త రుమాలు భుజాన వేసుకుని వచ్చాడు. ఎనిమిది అంకె ఆకారంలో కర్రలు పాతారు. కారు కదిలింది. మొదటి మలుపు తిరిగింది. స్టీరింగ్ పాపం మర్యాదగా దానంతట అదే వెనక్కి రాబోయింది. సరిగ్గా అప్పుడే మావాడు నేను నేర్పినట్టు ఒక్క గుంజు గుంజాడు. కారు అటువైపు కర్రల్లోకి దూకింది. భయపడి మళ్లీ గుంజాడు. ఇటువైపు కర్రలూ పోయాయి. ఎనిమిది అంకె కాస్తా కోడి గెలికిన ముగ్గయింది.

“కారుల ఏదో దోషమున్నట్టున్నది సార్,” అన్నాను నేను టెస్టు ఆఫీసరుతో. అవును, అన్నాను.

ఆఫీసరు నన్ను పట్టించుకోలేదు. తిరుపతిని అడిగాడు, “నీకెవలు నేర్పిండ్రయ్యా గిట్ల?”

తిరుపతి నా వైపు చూశాడు. తల దించుకున్నాడు. “ఎవ్వలు నేర్పలే సార్. నాకు నేనే నేర్చుకున్న.”

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. మామ రుమాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. కర్రలు పడినప్పుడు రాని సిగ్గు ఆ రుమాలు మడతతో వచ్చింది.

ఇంటికి రాగానే ఆ అర్థం కాని గడి సంగతి వెతికాను. స్టీరింగ్ బలాన్ని తలకిందులు చేసే గడి అది. టిక్కు తీసేశాను. మలుపు తిప్పి వదిలితే చక్కగా సీదా వచ్చింది. దాని ముందు కూర్చోవడానికి కూడా మొహం చెల్లలేదు.

తెల్లవారగానే సిరిసిల్ల బస్సెక్కాను. మామ ముందు, అత్త ముందు, తిరుపతి ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అత్త బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “అల్లుడా, నువ్వు నేర్పుతనంటే మీ ఇంట్ల కారున్నదనుకున్న గదయ్యా!”

దుబాయి దోస్తుకు నేనే ఫోన్ చేసి, తప్పు నాదని చెప్పి, కొన్నాళ్లు ఆగమని బతిమాలాను. తిరుపతిని మళ్లీ ఆ స్కూల్లోనే చేర్చాను. సెలవు పెట్టి రోజూ ఆ ముసలి కారు వెనక సీట్లో కూర్చున్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఇంతకన్నా కఠినమైన తపస్సు నా జన్మలో చేయలేదు.

తిరుపతి పాసయ్యాడు. దుబాయిలో ఆ పని ఇంకా ఖాళీగానే ఉంది.

పాసయితే వేములవాడ రాజన్నకు కోడెను కడతానని, అంటే దాన్ని గుడి చుట్టూ తిప్పి అక్కడ కట్టేస్తానని అత్త మొక్కుకుందట. గుడి దగ్గర, “మొక్కు నాది, పగ్గం నీది,” అని తాడు నా చేతిలో పెట్టింది. ఆ కోడె నాలుగడుగులు వేసి ఒక ఆవిడ చేతిలోని అరటిపండ్ల వైపు మళ్లింది. నేను ఎదురు గుంజాను. అది ఇంకా అటే గుంజింది. నా కాళ్లు జారుతున్నాయి.

వెనక నుంచి తిరుపతి నింపాదిగా అన్నాడు. “బావా, గుంజకు. వదులు. అదే సీదా అస్తది.”

వదిలాను. వచ్చింది. జనమంతా నవ్వారు, మా మామ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

ఆ రాజన్న సాక్షిగా, ఆ కోడె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అర్థం కాని గడిలో ఇక ఈ జన్మలో టిక్కు పెట్టను. ఎవరికైనా ఏదైనా నేర్పుతానని నోరు జారితే, ఆ పగ్గం నా మెడకే కట్టండి.