అవ్వ వినాలనుకున్న మాట

ఈమధ్య నిజామాబాద్‌లో ఒక సందులోంచి నడిచి వస్తుంటే ఎవరి వాకిట్లోంచో బీడీలు చుట్టడానికి నానబెట్టిన తునికాకు వాసన వచ్చింది. పసరు, మట్టి, తడిసిన గోనెపట్ట కలగలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే, ఎడపల్లిలోని మా నడిమి అర్ర, అందులో నవారు మంచం మీద చెవి రిక్కించి కూర్చున్న అవ్వ కళ్ల ముందుకొచ్చింది.

అవ్వ అంటే మా బాపు తల్లి. పుట్టిల్లు సరిహద్దుకు అవతల, మరాఠీ ఊళ్లో. పెళ్లయి వచ్చాక తెలుగు నేర్చుకుంది గానీ, పొలాల అమావాస్యకు ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, ఇల్లంతా బెల్లం, యాలకుల వాసనతో నిండిపోయినప్పుడు, మేము భక్షాలు అనే బొబ్బట్లను ఆమె మాత్రం పోళీలనే అనేది. కోపం వస్తే మరాఠీలోనే తిట్టేది. అర్థం కాని ఆ తిట్లంటే మాకు భలే ఇష్టం. బోధన్ అంగట్లో మరాఠీ ముసలమ్మ ఎవరైనా కనిపిస్తే బేరం మరిచిపోయి కబుర్లలో పడేది. తర్వాత నడుము పడిపోయింది, కళ్లకు మసక కమ్మింది, అంగడికి పోవడం ఆగిపోయింది. పుట్టింట్లోనూ ఎవరూ మిగల్లేదు.

మాకు టీవీ లేదు. నిజామాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చేస్తున్న అన్న, ఒక్కో భాగం కొని తెచ్చి బిగించుకున్న కంప్యూటర్‌లో టీవీ చూపించే పాత ట్యూనర్ కార్డు ఒకటి పెట్టి, మిద్దె మీద యాంటెన్నా నిలబెట్టాడు. సాయంత్రం పూట మరాఠీ కార్యక్రమాలు అందుతాయని చెప్పగానే అవ్వ తన మంచాన్ని కంప్యూటర్ పక్కకు జరిపించుకుంది.

"బొమ్మ నాకెందుకురా, కండ్లు కనవడయి. మా తల్లిగారింటి మాట సక్కగ ఒక్కసారి ఇనవడితె సాలు," అంది.

వచ్చినవి తెర నిండా చుక్కలు, కాగే నూనెలో బజ్జీలు వేసినట్టు చర్రుమనే చప్పుడు. అన్న ఊరుకునే రకం కాదు. కార్డు ఊడబీకి దాని బంగారు రంగు పళ్లను నా పెన్సిల్ రబ్బరుతో రుద్దాడు, వేరే చోట గుచ్చాడు, పెట్టె మూత తీశాడు, ట్యూబ్‌లైటు ఆర్పించాడు, చివరికి పక్కింటివాళ్ల మిక్సీని కూడా అనుమానించాడు. చెరకు తోట నుంచి వచ్చిన బాపు కాళ్లయినా కడుక్కోకుండా మిద్దెక్కి యాంటెన్నా గొట్టం తిప్పేవాడు. "వచ్చిందా?" అని పైనుంచి ఆయన, "రాలే బాపూ!" అని గడపలోంచి నేను, వాడకట్టంతా వినేలా అరుచుకునేవాళ్లం. కిటికీ కింద గోడకానుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మ మా తిప్పలు చూసి నవ్వేది. పొద్దుగూకే వేళకు మర్నాటి ఆకు తడిపి, తడి గోనెపట్టలో చుట్టి, ఎప్పటిలాగే ఆ గోడ వార పెట్టేది.

ఆ చప్పుడు మధ్యలో ఎప్పుడైనా ఒక మాట తేలితే అవ్వ చెయ్యెత్తి అందరినీ ఆపేది. "పావూస్ అన్నది. ఆడ వాన పడ్తున్నదట," అని చెప్పి, మిగతాది తనే అల్లుకునేది. ఆ ముఖం చూస్తే జాలేసేది.

చెరకు బండ్లు కదిలే రోజుల్లో అవ్వ పోయింది. ఒక్క సాయంత్రమైనా ఆ మాట సక్రమంగా వినకుండానే పోయింది.

దినాలు అయ్యేదాకా అమ్మ ఆకు ముట్టలేదు. చుట్టాలు వెళ్లిపోయిన సాయంత్రం అన్న ఊరికే కంప్యూటర్ పెట్టాడు. ఎవరో ఒకామె మరాఠీలో మాట్లాడుతోంది, పక్క అర్రలో కూర్చున్నంత స్పష్టంగా. ఒక్క చుక్క లేదు, చప్పుడు లేదు. ఏం చెబుతోందో మాలో ఎవరికీ తెలియదు.

అన్న యాంటెన్నా తీగ పట్టుకుని వెతుక్కుంటూ కిటికీ దాకా వెళ్లాడు. పొడవు చాలక తను అతికిన ముడి గోడ వార నేల మీద ఉంది, సరిగ్గా అమ్మ ఆకు మూట పెట్టే చోట. రోజూ తడిసి తడిసి టేపు ఊడిపోయింది. ఇన్నాళ్లు మూట లేక ముడి ఎండిపోయింది. అన్న ఊడిన టేపును వేలితో నొక్కి చూస్తుంటే అమ్మకు అర్థమైంది.

"గోనెపట్ట నేనే గద పెట్టిన గాడ," అని కూలబడి ఏడ్చింది.

"మాకెవలికీ తెల్వకపాయె, నీకేం ఎరుక?" అన్నాడు బాపు.

అన్న ఆపబోతే అమ్మ వద్దంది. ఆ తెలియని మాటలను చివరిదాకా కూర్చుని విన్నది.

ఇప్పుడు ఏ మిద్దె మీదా యాంటెన్నా లేదు. ఆ కంప్యూటర్ పాత సామానుకు పోయింది, మా చెరకు తోటలో వరి పండుతోంది. ఫోనులో మరాఠీ ఎంత కావాలంటే అంత వస్తుంది, వినే అవ్వే లేదు. అమ్మ ఇప్పటికీ కాస్త ఆకు తెచ్చుకుంటుంది. మొన్న వెళ్లినప్పుడు చూశాను. తడి మూట దించబోతూ ఆ గోడ వార ఒకసారి చేత్తో తడిమింది. అక్కడ ఏ తీగా లేదు. అయినా మూట ఎత్తుకుని వెళ్లి అవతలి గోడ దగ్గర పెట్టింది.