మిషన్ల వికీలో బావ పేరు

ఆ కుట్టుమిషన్ల మెకానిక్ ఏ దర్జీ షాపు ముందు నుంచి నడిచి వెళ్లినా చాలు, మొండి మిషన్లు భయపడి వాటంతటవే కుట్టేసేవని వీధిలో చెప్పుకునేవారు. తన విద్యా, బావ విద్యా కలిపి పన్నెండేళ్లు వికీ నడిపాడు మరి! వికీ అంటే ఎవరైనా రాసి, ఎవరైనా దిద్దే వెబ్‌సైటు. కంపెనీలు ఎప్పుడో మూతపడ్డ మిషన్ల గుట్టంతా అందులో తొమ్మిది వందల పేజీల్లో ఉండేది.

బావంటే అక్క మొగుడు. ఇద్దరూ ఒక్క ప్రాణం. అలాంటివాళ్లకు, మిషను అడుగున దారం కండె ఉండే షటిల్‌కి ఎంత నూనె వెయ్యాలన్న దగ్గర చెడింది. మెకానిక్ రెండు చుక్కలన్నాడు, బావ మూడన్నాడు. అంతే, భగ్గుమంది! ఆ ఉక్రోషంలో మెకానిక్ వికీ అంతటా బావ పేరు పీకేశాడు. ఏ వాక్యం ఎవరిదో చెప్పే పాత చరిత్రనూ తుడిచేసి, అన్నిటికిందా తన పేరే పెట్టుకున్నాడు. మాటలు కలవకుండానే ఏడాదికి బావ పోయాడు.

ఇప్పుడేమో వికీ ఉన్న సర్వరును శుక్రవారం మూసేస్తున్నారు. ఒక పెద్ద విజ్ఞాన ప్రాజెక్టువాళ్లు తీసుకుంటామన్నారు. కానీ రాసినవాళ్ల పేర్లు ఉంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని, రాసినవాళ్లందరూ లైసెన్సు ఇవ్వాలట. పోయినవాళ్ల బదులు ఇంట్లోవాళ్లు సంతకం పెట్టాలట.

మెకానిక్ కాళ్లీడ్చుకుంటూ అక్క ఇంటికెళ్లాడు.

"దారి గుర్తుందిరా?"

"అక్కా, బావ రాసినవాటికి సంతకం పెట్టవే."

"మీ బావ ఏం రాశాడు? అన్నిటికిందా నీ పేరేగా! నువ్వే పెట్టుకో."

"తప్పయిపోయిందే."

"మంచం పట్టాక కూడా రోజూ ఫోన్లో ఆ పేజీలే తెరిచేవాడురా, పేరు మళ్లీ పెట్టావేమోనని. తప్పయిందన్న ఈ ముక్క నువ్వు అప్పుడు చెప్పాల్సింది."

తలుపేసింది.

"పోనీ, మీరు రాసినవి మాత్రం ఇవ్వండి" అన్నారు ప్రాజెక్టువాళ్లు. ఏవి తనవి? పాలూ నీళ్లూ కలిసిపోయాయి. విడదీసే చరిత్రను తనే తుడిచాడు. "అన్నీ నేనే రాశాను" అని ఒక్క ముక్క పెడితే తొమ్మిది వందల పేజీలూ బతుకుతాయి. గురువారమంతా పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఒకసారి పీకిన పేరును రెండోసారి పీకడానికి చెయ్యి రాలేదు.

శుక్రవారం వికీ పోయింది.

శనివారం పొద్దున్నే ఒక దర్జీ ఫోను.

"అన్నా, పాత మిషను కుట్లు వదిలేస్తోంది. నీ పేజీ తెరుచుకోవట్లేదేంటి?"

"పేజీ లేదమ్మా. చెప్తా, రాసుకో. ముందు సూది మార్చు. తర్వాత షటిల్‌కి నూనె వెయ్యి."

"ఎన్ని చుక్కలు?"

మెకానిక్ రెండనబోయి మాట మార్చుకున్నాడు.

"మూడు. మా బావ చెప్పాడని కూడా రాసుకో."