బీరమ్మ పంచిన గోలీలు

అనంతగిరి గుట్ట మీది క్షయ దవాఖానలో ఆ రోజుల్లో మంచం పట్టి లేచినవాళ్లు డాక్టర్ల పేర్లు మరిచిపోయి ఉండొచ్చు. సూదిమందు పేరు సంగతి సరే సరి, అది అప్పుడే ఎవరికీ నోరు తిరిగేది కాదు. కానీ బీరమ్మను మరిచిపోయినవాళ్లు ఉన్నారంటే నమ్మబుద్ధి కాదు. పొద్దున అంబలి తాగి గ్లాసు కింద పెట్టకముందే వరండా ఆ చివర నుంచి ఆమె గొంతు వినబడేది. "మింగు. నోరు దెరువు. నాలిక ఎత్తు." పటేలైనా, పాలేరైనా, తాండూరు నాపరాళ్ల షావుకారైనా ఆమె ముందు బుద్ధిగా నోరు తెరవాల్సిందే.

నర్సు చదువు చదివిందా అంటే, అక్షరం ముక్క రాదు. పూడూరు దిక్కు పల్లె ఆమెది. గొర్లు కాసే కురుమల ఇంటి మనిషి. దవాఖానవాళ్లిచ్చిన తెల్లచీర కట్టుకున్నా భుజం మీద నల్ల గొంగడి ముక్క ఉండాల్సిందే. వార్డులో నడిచేటప్పుడు నాలుకతో టక్ టక్‌మని చప్పుడు చేసేది, గొర్లను మళ్లేసినట్టు. ఆ చప్పుడు విని ముసుగు తన్ని పడుకున్నవాళ్లు కూడా లేచి కూచునేవాళ్లు. గుట్టంతా మంచు కమ్ముకున్న పొద్దుల్లో మనిషి కనబడేది కాదు, ఆ టక్ టక్ ఒక్కటే ముందుగా వచ్చేది. ఎంత మంచి రోజులు! రోగాలతో ఉన్నా మంచి రోజులే అవి.

ఆమె ఆ గుట్ట ఎట్లా ఎక్కిందో చెప్పాలంటే ఆమె కోడలు కొండమ్మ దగ్గర మొదలుపెట్టాలి. కుల్కచర్ల నుంచి వచ్చిన పిల్ల. కొడుకు హన్మయ్యకు ఏరికోరి చేసుకుంది బీరమ్మ. ఉన్ని వడకడానికి కూచుంటే కదురు ఆగేది కాదు. బిడ్డ శాంతవ్వకు పాలు మరిపించిన ఏడు కొండమ్మకు దగ్గు పట్టుకుంది. మిరియాల కషాయమన్నారు, దిష్టన్నారు, తాయెత్తు కట్టారు. ఒకనాడు గొర్ల దొడ్డి ఊడుస్తూ దగ్గి, కొంగు చూసుకుంటే నెత్తురు. హన్మయ్య ఆ పూటే బండి కట్టాడు.

అది అరవయ్యో సంవత్సరం. గుట్ట మీద ఒక్క మంచం ఖాళీ లేదు. డాక్టరు నెమ్మదస్తుడు, కోపమన్నది ఎరగని మనిషి. మద్రాసు దిక్కున పెద్ద పెద్ద డాక్టర్లు పరిశోధన చేశారనీ, రోగిని ఇంట్లో ఉంచి గోలీలు ఇచ్చినా క్షయ నయమవుతుందని తేల్చారనీ విడమరిచి చెప్పాడు. సంచీ నిండా గోలీలు ఇప్పించాడు.

"రోజూ తప్పొద్దు. పానం మంచిగైనట్టు అనిపించినా ఏడాది దాకా ఆపొద్దు. నెల నెలా వచ్చి తీసుకపోవాలె. సమజైందా?" అన్నాడు.

బీరమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని "అట్లనే దొరా" అంది.

అన్నీ చెప్పాడు గాని, మందు ఎవరు వేసుకోవాలో ఆయన చెప్పలేదు. ఎందుకు చెప్తాడు? రోగం ఎవరికుంటే మందు వాళ్లకేనని వేరే చెప్పాలా? లోకంలో ఎవరికీ చెప్పక్కరలేదు. గొర్లు కాసేవాళ్లకు మాత్రం చెప్పాలి.

వాళ్ల ఇంట్లో మందుకు వేరే పద్ధతి ఉంది. మందలో ఒక్క గొర్రె దగ్గినా, ముక్కు చీదినా, అన్నింటినీ దొడ్డిలో ఒక మూలకు తోలతారు. ఒక్కొక్కదాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, దవడ పట్టి, వెదురు గొట్టంతో కషాయం పోసి, గొంతు నిమిరి వదులుతారు. రోగమున్నదానికే పోసి మిగతావాటిని వదిలేసేవాణ్ని చూసి నవ్వుతారు. "ఒక్కదానికి తాపితే మిగిలినయన్ని బొందలకే" అనేవాడు బీరమ్మ మామ. ఆయన కాసిన మందలో రోగంతో పోయినవి తక్కువే. మరి అంత అనుభవాన్ని ఎట్లా కాదంటుంది?

తెల్లవారి బీరమ్మ ఇంటిల్లిపాదినీ అరుగు మీద కూచోబెట్టింది. మొగుడు బిచ్చయ్యకు, కొడుక్కు, తనకు తలా ఇన్ని. పసిదానికి బెల్లంలో పెట్టి. కొండమ్మకు మాత్రం అందరికన్నా ఒకటి ఎక్కువ. ఎంత ప్రేమో చూడండి!

"అత్తా, అన్ని నన్నే ఏసుకోమన్నడు గద సారు" అంది కొండమ్మ మెల్లగా.

"ఒక్కదానికి గిన్నెందుకే? నీ పానమే తీపా, మా పానాలు చేదా?" అంది బీరమ్మ.

అందరూ నవ్వారు. కొండమ్మ కూడా నవ్వినట్టే నవ్వి తల వంచుకుంది. పాపం, సరదాకన్న మాటే అది. ఆ సరదా మాట బీరమ్మను బతికినన్నాళ్లూ పొడిచింది.

మొదట్లో జ్వరం తగ్గింది, మొహం తేరుకుంది. "సూస్తిరా?" అని బీరమ్మ వాడకట్టంతా తిరిగి చెప్పుకుంది. తర్వాత దగ్గు మళ్లీ వచ్చింది, ఈసారి మరింత నెత్తురుతో. కొండమ్మ ఎండిన కందికట్టె అయింది. నెలనెలా గుట్టకు పోతే డాక్టరు అడిగేవాడు, మందు వేసుకుంటున్నావా అని. వేసుకుంటున్నానని ఆమె చెప్పేది. అబద్ధం కాదు కదా! ఆయనకు ఏమీ అంతుపట్టక, ఇంట్లో ఏం జరుగుతున్నదో చూసి రమ్మని నర్సు సుమిత్రమ్మను పంపాడు.

సుమిత్రమ్మ వికారాబాద్ మనిషే. మాట కరుకు, మనసు వెన్న. ఆమె పొద్దున్నే ఆ ఇంటి వాకిట్లోకి వచ్చేసరికి అరుగు మీద గోలీల పంపకం జోరుగా సాగుతున్నది.

"రాండ్రి సిస్టరమ్మా, మంచి యాళకొచ్చిండ్రు" అని బీరమ్మ సంబరపడిపోయింది. "దినాం దగ్గేటోళ్ల నడుమనే తిరుగుతరాయె. ఇగో, మీరు గుడ ఒకటేసుకోండ్రి."

సుమిత్రమ్మ అరచేతిలో పడ్డ గోలీని చూసి, అరుగు మీద వరుసను చూసి, అట్లాగే కింద కూలబడింది. తిడుతుందనుకున్నారు. తిట్టలేదు.

"బీరమ్మా, పామును సగం కొట్టి ఇడిసిపెడితె ఏమైతది?"

"పగబడ్తది. సంపితె సంపాలె, లేకుంటె దాని జోలికే పోవద్దు."

"గదే అయింది. కొండమ్మ లోపల ఉన్న రోగాన్ని నువ్వు సగం సగం కొట్టుకుంట వచ్చినవ్. అది సావలే. మందుకు అలవాటుపడ్డది. ఇగ గీ గోలీలకు అది బెదరదు తల్లీ."

బీరమ్మకు గొర్ల గురించి ఎంత తెలుసో పాముల గురించీ అంతే తెలుసు. చేతిలోని సంచీ జారి, గోలీలు అరుగు కింద పేడనీళ్లలో పడ్డాయి. వాటిని ఏరడానికి వంగి, మళ్లీ లేవలేకపోయింది.

అదృష్టం కొద్దీ ఆ వారమే గుట్ట మీద ఒక మంచం ఖాళీ అయింది. ఇక సూదిమందే దిక్కనీ, దాంతోపాటు వేరే చేదు గోలీలు మింగాలనీ, బతుకుతుందని గట్టిగా మాటివ్వలేననీ చెప్పాడు డాక్టరు. పిల్లల్ని వార్డులోకి రానివ్వరు. కొండమ్మ గేటు దగ్గర బిడ్డను దూరం నుంచే చూసి, "దాన్ని పైలంగ సూసుకో" అని మొగుడికి చెప్పింది. అత్త దిక్కు చూడనే లేదు.

హన్మయ్య, బిచ్చయ్య బిడ్డను తీసుకుని ఊరికి పోయారు. బీరమ్మ పోనంది. రోగుల చుట్టాలుండే రేకుల కొట్టంలో మూల పట్టుకుని, పొయ్యి రాజేసి, రోజూ జొన్నగటక చేసి తీసుకుపోయేది. కొండమ్మ గోడ దిక్కు తిరిగేది. అదే గటక సుమిత్రమ్మ చేతికిస్తే తినేది. ఒక్క మాట లేదు. తిట్టినా బాగుండు, దుమ్మెత్తి పోసినా బాగుండు! ఆ మౌనం కన్నా చావు నయమని కొట్టం వెనక కూచుని ఏడ్చేది బీరమ్మ.

అట్లా ఏడుస్తూ తిరుగుతుంటేనే ఒకనాడు వార్డు కిటికీల కింద పొదల్లో తెల్లగా ఏవో కనిపించాయి. గోలీలు! అవి మింగితే కడుపులో తిప్పుతుందని, రోగులు బుగ్గన దాచి, నర్సు అటు తిరగగానే కిటికీలోంచి ఊసేస్తున్నారు. బీరమ్మకు ఒళ్లు మండిపోయింది. గోలీ దక్కక తన కోడలు మంచంలో పడి ఉంటే, దక్కినవాళ్లు పొదలకు పోస్తారా!

విసవిసా మగవాళ్ల వార్డు లోపలికి పోయింది. మొదటి మంచం మీద తాండూరు నాపరాళ్ల గనిలో పనిచేసే మొగులప్ప ఉన్నాడు. ఆరడుగుల మనిషి, అమాయకంగా చూస్తున్నాడు.

"ఓ పెద్దమనిషీ, నోరు దెరువు."

"ఎందుకవ్వా? మింగిన."

"గొర్రె పండ్లు జూసి ఈడు జెప్పెదాన్ని. నీ బుగ్గల గోలీ నాకు దెల్వదా?" అంటూ దవడ ఒడిసి పట్టింది. రెండో చేత్తో గొంతు కింద నిమిరింది. మొగులప్ప గుటుక్కుమన్నాడు. "నాలిక ఎత్తు!" ఎత్తాడు. వార్డు వార్డంతా దగ్గుతూ నవ్వింది, నవ్వుతూ దగ్గింది. గుమ్మంలో నిలబడ్డ సుమిత్రమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆమె చెబితే డాక్టరు బీరమ్మను వార్డు ఆయాగా పెట్టుకున్నాడు. బిచ్చయ్య కబురు విని, "గొర్లైతేంది మనుషులైతేంది, కాసుకోనీ" అన్నాడట.

ఆనాటి నుంచి టక్ టక్ మొదలైంది. మగవాళ్ల వార్డులోనూ ఆడవాళ్ల వార్డులోనూ ఒక్కొక్క మంచం దగ్గరా ఆగేది, బుజ్జగించేది, బెదిరించేది, బెల్లం ముక్క ఆశ చూపేది. ఒక్క మంచం మాత్రం దాటిపోయేది. కొండమ్మ మంచం దగ్గర ఆమె నాలుక చప్పుడు కూడా ఆగిపోయేది. కొండమ్మ మందు సుమిత్రమ్మ చేతి మీదుగానే.

వానాకాలం వచ్చింది. సూదులతో జ్వరం దిగింది గాని, గోలీలకు కొండమ్మ కడుపులో నీళ్లు కూడా నిలవడం లేదు. ఒక పొద్దున సుమిత్రమ్మ చేతిని నెట్టేసింది. "ఇగ నాతోని గాదు. నన్ను సావనియ్యండ్రి" అని దుప్పటి కప్పేసుకుంది. డాక్టరు వచ్చి బతిమాలాడు. హన్మయ్య వచ్చి కాళ్ల దగ్గర కూచుని ఏడ్చాడు. బిడ్డ పేరెత్తినా దుప్పటి తియ్యలేదు. ఆ మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే.

సుమిత్రమ్మ వరండాలోకి వచ్చి గోలీల గిన్నె బీరమ్మ చేతిలో పెట్టింది.

"నువ్వు పో."

"నా చేతుల మందు ముట్టుకుంటదా సిస్టరమ్మా?"

"ముట్టుకోకుంటె సస్తది."

బీరమ్మ పోయి మంచం పక్కన నిలబడింది. కూచోడానికి ధైర్యం చాల్లేదు. గోలీలన్నీ రెండు అరచేతుల్లో పోసుకుంది.

"అన్ని నీయే బిడ్డా" అంది. అదివరకెప్పుడూ ఆమెను బిడ్డా అని పిలవలేదు. "మొత్తం నీయే. ఒక్కటి గుడ ఎవ్వరికియ్య. ఎవరొచ్చి అడిగినా ఇయ్య."

తర్వాత దుప్పటి కొద్దిగా తొలగింది. ఆ పీక్కుపోయిన మొహంలో కళ్లు మాత్రమే మిగిలి ఉన్నాయి.

"శాంతవ్వకు గుడ ఇయ్యవా?"

"ఇయ్య."

కొండమ్మ నోరు తెరిచింది. బీరమ్మ ఒక్కొక్కటే నాలుక మీద పెట్టి, నీళ్లు పోసి, గొంతు నిమిరింది. ఆ బక్కపలచని గొంతులో ఒక్కొక్క గోలీ దిగుతుంటే బీరమ్మ కళ్లనుంచి నీళ్లు ధారలు కట్టాయి. నాలిక ఎత్తమని అడగడం మరిచిపోయింది. కొండమ్మే తనంతట తాను నాలుక ఎత్తి చూపించింది.

మరుసటి ఏడు జొన్న కోతలప్పుడు కొండమ్మ గుట్ట దిగింది. మొదట శాంతవ్వ తల్లిని గుర్తుపట్టక తాత గొంగట్లో దాక్కుంది. సాయంత్రానికి తల్లి ఒళ్లో నిద్రపోయింది.

బీరమ్మ మాత్రం దిగలేదు. ఆ వార్డు ఆమె మంద అయిపోయింది. నయమైపోయిన మొగులప్ప తాండూరు నుంచి నున్నగా చెక్కిన నాపరాయి బండ ఒకటి బండి మీద వేసుకొచ్చి వరండాలో పరిచి పోయాడు, అవ్వ కూచోడానికని. సాయంత్రాలు రోగులు పచ్చీసు ఆడుకుంటుంటే ఆమె ఆ బండ మీద ఉన్ని వడుకుతూ కూచునేది. ఫినాయిలు వాసన, తడిసిన చెట్ల వాసన, దూరాన వికారాబాద్ స్టేషను నుంచి రైలు కూత. అప్పట్లో అక్కడ పడుకున్నవాళ్లను అడగండి, ఇప్పటికీ ఆ సాయంత్రాల గురించే చెప్తూ పోతారు.

అరవై ఎనిమిదిలో ఆమెకు జ్వరం పట్టుకుంది. క్షయ కాదు, మామూలు జ్వరమే, కానీ వయసు పైబడ్డ ఒళ్లు. దవాఖానలోనే ఉంచమన్నా వినకుండా ఇంటివాళ్లు ఊరికి తీసుకుపోయారు. కొండమ్మ పక్క నుంచి కదల్లేదు. ఆఖరి రోజుల్లో బీరమ్మకు స్పృహ వచ్చీ పోతూ ఉండేది. ఒక పొద్దున కొండమ్మ గోలీలు తెచ్చేసరికి గుమ్మంలో బడికి తయారైన శాంతవ్వ నిలబడి ఉంది. వానకు తడిసి జలుబు చేసిందేమో, చిన్నగా దగ్గింది.

బీరమ్మ కళ్లు తెరిచింది. కొండమ్మ చేతిని పక్కకు తోసింది.

"పోరి దగ్గుతున్నది. దానికియ్యవే సగం."

ఎనిమిదేళ్ల తర్వాత కూడా ఆ పాత బుద్ధి పోలేదు, చూడండి! కొండమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అత్త తలను తన మోకాలి మీదికి తీసుకుంది. దవడ కింద చెయ్యి పెట్టింది.

"అన్ని నీయే అత్తా. నోరు దెరువు."

బీరమ్మ నోరు తెరిచింది. కొండమ్మ గోలీ పెట్టి, నీళ్లు పోసి, గొంతు నిమిరింది. మందు దిగింది. ఎవరూ అడగకముందే ముసలామె నాలుక ఎత్తి చూపించింది.