ఉరికొయ్య ముందు నలభైయొక్క మంది

గుమ్మారుస్ గారికి ఈ లోకంలో చేతకాని పని ఒక్కటే: మనుషుల్ని కరిగించడం.

కంగారు పడకండి. ఆయన ఓస్టెండ్ ఊళ్ళో సముద్రపొడ్డున మదామ్ ఒడీల్ గారి మైనపుబొమ్మల శాలలో ముప్పై ఎనిమిదేళ్ళుగా బొమ్మలు చేస్తున్న పెద్దమనిషి. ఆ వృత్తిలో కరిగించడం సగం పని. పేరున్నన్నాళ్ళూ మనిషి ఎర్ర తివాచీ మీద నిలబడతాడు. పేరు పోయిన మర్నాడు తల రాగిగిన్నెలోకి పోతుంది, ఆ మైనంతోనే కొత్తవాడి తల లేస్తుంది. ఒంటికి ఆ బాధ కూడా లేదు. గడ్డీ కర్రలే కనక కోటు మార్చుకుని ఇంకొకరి కింద కొలువుకి చేరుతుంది. పునర్జన్మకి ఇంత చవకైన ఏర్పాటు ఇంకే మతంలోనూ లేదు.

పనిలో ఆయనకి సాటి లేరు. వేడిసూదితో ఒక్కొక్క వెంట్రుకే నాటుతూ కనుబొమకి రెండ్రోజులు తీసుకునేవారు. కరిగించమంటేనే వచ్చేది తంటా.

"గుమ్మారుస్ గారూ, ఆ ఆర్థికమంత్రికి పదవి ఊడి ఆరేళ్ళయింది. ఇవాళ గిన్నెలో వేసేయండి," అనేది మదామ్ ఒడీల్.

"ఇవాళ కుదరదమ్మగారూ. ఆయనకి జలుబు చేసింది."

"మైనపుబొమ్మకి జలుబేమిటండీ!"

"ముక్కు కారుతోంది. మీరే చూడండి."

చూస్తే నిజమే. జులై ఎండ తగిలి మంత్రిగారి ముక్కు కొసన ఒక బొట్టు వేలాడుతోంది.

"మరీ మంచిది. సగం పని సూర్యుడే చేసిపెట్టాడు. మిగతా సగం మీరు కానివ్వండి."

"రేపెవరైనా వచ్చి, ఆయనేరీ అని అడిగితే ఏం చెబుతామమ్మా?"

ఆ ప్రశ్న వినగానే మదామ్ ఒడీల్ విసుక్కుంటూ టిక్కెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళిపోయేది. మంత్రి బతికిపోయేవాడు.

బతికినవాళ్ళంతా ఎక్కడికి పోయేవారంటే, వెనక గదిలో ఒక పాతకాలపు దారిదొంగని ఉరితీసే దృశ్యం ఉంది, అక్కడికి. మదామ్ భర్త బతికుండగా లెక్క ఇలా ఉండేది: దొంగ ఒకడు, తలారి ఒకడు, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆరుగురు. ఇప్పుడా ఆరుగురూ నలభైయొక్కరయ్యారు. ఆర్థికమంత్రి చంకలో రొట్టె పెట్టుకుని మొదటి వరసలో నిలబడ్డాడు. ఒక బిషప్పుగారు తలకి శాలువా చుట్టుకుని రొయ్యలమ్ముతున్నారు. గడ్డం మాత్రం శాలువాలో పట్టలేదు. యుద్ధాలు ఓడిపోయిన ఇద్దరు సేనాపతులు ఒకే చిప్ప పట్టుకుని అడుక్కుంటున్నారు.

"ఇంతమంది వచ్చారంటే, ఈ దొంగ ఏం చేశాడండీ?" అని యాత్రికులు అడిగేవారు.

"ఆయన చేసిందేమీ లేదు. మా దగ్గరొకాయన చెయ్యాల్సింది చెయ్యకపోతే జమైన జనం వీళ్ళంతా," అనేది మదామ్ ఒడీల్ పళ్ళ బిగువున.

ఆ వేసవికి వ్యవహారం పీకల మీదికొచ్చింది. వీధి చివర మాటలాడే సినిమా వచ్చాక శాలకి జనం పల్చబడ్డారు. అలాంటప్పుడు ఫ్లాండర్స్ సీమంతా నెత్తిన పెట్టుకున్న సైకిలు వీరుడు తన బొమ్మ ముందు తెర తనే లాగుతానని ఒప్పుకున్నాడు. ముహూర్తం ఆదివారం. అచ్చు సిద్ధంగా ఉంది, మీసం సిద్ధంగా ఉంది. పోయడానికి మైనం లేదు. ఊళ్ళో ఏ దుకాణంలోనూ లేదు.

సోమవారం మదామ్ ఒడీల్ ఉరికొయ్య దగ్గరికి వచ్చి, గుడ్లబుట్ట పట్టుకుని నిలబడ్డ ఒక ఆడమనిషిని వేలితో చూపించింది. ఆ బొమ్మ గాయని లియోనీ గారిది. ఆవిడ పాటకి జనం ఊగిపోయిన రోజులుండేవి, ఊగినవాళ్ళే ఇప్పుడు లేరు.

"ఈవిడ. రేపు సాయంత్రానికి గిన్నెలో ఉండాలి. ఆదివారం తెర వెనక తల లేకపోతే సోమవారం మన తలుపులు మూసుకోవడమే. రేపు ఈవిడ కరగకపోతే మీ సూదులు సర్దుకోండి."

"అమ్మగారూ, రేపు లియోనీ గారికి..."

"జలుబా?"

"కాదమ్మా. రేపు మంగళవారం. ఆవిడకి పనుంది."

మదామ్ ఒడీల్ నెత్తి కొట్టుకుని వెళ్ళిపోయింది.

ప్రతి మంగళవారం పదింటికి మదామ్ ఒడీల్ జుట్టు వంకీలు తిప్పించుకోడానికి వెళ్ళడం పంతొమ్మిదేళ్ళ ఆచారం. ఆ వారం వంకీలు తిప్పే ఆవిడకి పన్ను నొప్పొచ్చింది. మదామ్ పదిన్నరకే తిరిగొచ్చింది. ముందు హాలులో చూస్తే, ఎప్పుడూ నడిమధ్యన నిలబడే మైనపు రాజుగారు గొడుగుల స్టాండు పక్కన గోడకి మొహం పెట్టుకుని ఉన్నారు. ఎర్ర తివాచీ మధ్యన, షాండిలియర్ కింద, ఈకల టోపీతో, కొత్త ఊదారంగు రిబ్బనుతో గాయని లియోనీ! గుమ్మారుస్ గారు ఆవిడ జుట్టు దువ్వుతున్నారు.

"కదలకండి మదామ్, ఒక్క నిమిషం," అంటున్నారు బొమ్మతో.

దొంగని చేతిలో సొత్తుతో పట్టుకుందామని మదామ్ ఒడీల్ ఒక నౌకాధిపతికీ, మొగుళ్ళకి విషం పెట్టిన ఒక ఇల్లాలికీ మధ్య దూరి, బొమ్మలా బిగుసుకుంది. అంతలో తలుపు గంట మోగింది. చేతికర్ర టకటకలాడిస్తూ ఒక ముసలావిడ వచ్చింది.

"మదామ్ లియోనీ! రండి రండి," అన్నారు గుమ్మారుస్. "ఈ వారం కూడా మీ బొమ్మ ముందే జనం. నడవడానికి దారుంటే ఒట్టు."

"ఇంకా గుర్తున్నానా వీళ్ళకి?"

"రాజుగార్నే పక్కకి జరపాల్సొచ్చింది, చూసుకోండి!"

ఆయన కాఫీ తేవడానికి లోపలికెళ్ళారు. ముసలావిడ బొమ్మల వరస చూసుకుంటూ వచ్చి మదామ్ ఒడీల్ ముందు ఆగింది.

"ఇదెవరో గాని ముక్కు బాగా కుదిరింది. మూతే మరీ కోపంగా పెట్టారు." తర్వాత గొంతు తగ్గించి అంది: "ఊపిరి తీసుకో తల్లీ. పడిపోతావు."

మదామ్ ఒడీల్ ఊపిరి తీసుకుంది. "అయితే... మీకు తెలుసా ఇదంతా?"

"ఎనభై రెండేళ్ళొచ్చాయి గాని గుడ్డిదాన్ని కాలేదమ్మా. నాలుగేళ్ళ కిందట పొరపాటున బుధవారం వచ్చాను. చూస్తే ఉరికొయ్య దగ్గర గుడ్లమ్ముకుంటున్నాను."

"మరి ఎందుకొస్తున్నారండీ?"

"మోకాళ్ళు మొర్రోమంటున్నా వస్తున్నాను. వారం వారం కొత్త రిబ్బను కొంటాడు పాపం. రాకపోతే ఆయన మనసు కష్టపెట్టుకోడూ? నువ్వేమీ చూళ్ళేదు, నేనూ నిన్ను చూళ్ళేదు. ఇదిగో, వస్తున్నాడు!"

మదామ్ ఒడీల్ మళ్ళీ మైనమైపోయింది. వాళ్ళిద్దరూ కాఫీ తాగి, వాఫుల్స్ తిని, పాత పాటలు నెమరేసుకునే నలభై నిమిషాలూ ఆవిడ ముక్కు దురద పెడుతూనే ఉంది. బొమ్మల కష్టమేమిటో యజమానురాలికి ఆ పూట అనుభవానికొచ్చింది.

మధ్యాహ్నం పనిగదిలోకి వచ్చి గొంతు సవరించుకుంది. "లియోనీ గార్ని ముట్టుకోకండి. టిక్కెట్ల కిటికీ పక్కనున్న నా బొమ్మని వేసేయండి." అది పెళ్ళైన కొత్తల్లో భర్త ముచ్చటపడి చేయించింది.

"అమ్మగారూ! రేపెవరైనా వచ్చి..."

"టిక్కెట్లిచ్చేదాన్ని నన్నెవరడుగుతారండీ? వేసేయండి."

"సరేనమ్మా," అన్నారు గుమ్మారుస్. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ విషయమై ఆయన సరేననడం అదే మొదలు.

ఆదివారం తెర లేచింది. వీధి పట్టనంత జనం. సైకిలు వీరుడు తన మీసం చూసుకుని మురిసిపోయాడు. "మొహంలో కాస్త కరకుదనం ఎక్కువైందేమో," అని ఎవరో అన్నారు గాని, సైకిలు తొక్కేవాడికి అదే అందమని సర్దుకున్నారు.

సోమవారం మదామ్ ఒడీల్ వెనక గదిలో జనాన్ని లెక్కపెట్టింది. నలభై రెండు. మళ్ళీ లెక్కపెట్టింది. చివరి వరసలో ముల్లంగికట్ట పట్టుకుని ఒక పడుచు నిలబడి ఉంది. ముక్కు తనదే. మూతిని మాత్రం ఎవరో సరిదిద్ది నవ్వు పెట్టారు.

"గుమ్మారుస్ గారూ! మైనం ఎక్కడిదండీ?"

ఆయన నేలచూపులు చూస్తూ ఉరికొయ్య వైపు చెయ్యి చాపారు. ఇన్నేళ్ళుగా ముసుగు లేకుండా నిలబడ్డ దొంగకి ఇప్పుడు మెడ దాకా గోనెముసుగు ఉంది. మదామ్ ఒడీల్ నొక్కి చూసింది. లోపలంతా గడ్డి.

"ఈ నలభై రెండు మందీ వచ్చింది ఈయన్ని చూడ్డానికేగా! ఈయన్నే కరిగించారా?"

"అడిగాకే కరిగించానమ్మగారూ. ఎలాగూ పోయేవాణ్ణే కదా, కానివ్వమన్నాడు."

మర్నాడు మంగళవారం. పదింటికి వంకీలు తిప్పించుకోడానికి బయల్దేరుతూ, బరువు జరిపితే గుమ్మారుస్ గారి ముసలి నడుం పట్టేస్తుందని తోచి, మదామ్ ఒడీల్ రాజుగారిని తనే గొడుగుల స్టాండు దాకా ఈడ్చి మరీ వెళ్ళింది.