ఎస్తేరు ఆంటీ అడిగే ‘ఊఁ’

పొయ్యి మీద పంచదార, నిమ్మరసం కలిసి పాకమవుతున్నాయి. ఎర్రబడుతున్న పంచదార వాసనలో నిమ్మ పులుపు తగిలేసరికి నా రెండు చంకలూ వాటంతటవే బిగుసుకున్నాయి. ఇన్నేళ్ళయినా ఒంటికి జ్ఞాపకం పోలేదు. మా అమ్మాయి నిత్యకి స్కూల్లో స్విమ్మింగ్ మొదలవబోతోంది. చంకల్లో వాక్సింగ్ చేయించమని కొన్నాళ్ళుగా నా ప్రాణం తీస్తోంది. ఈ వీధి చివరే పార్లర్ ఉంది, తీసుకువెళ్ళవచ్చు. కానీ మొదటిసారి ఈ పాకంతో, నా చేత్తోనే జరగాలని పట్టుబట్టాను. ఆ పట్టుదల నాకు ఎస్తేరు ఆంటీ దగ్గర అబ్బింది.

నార్త్ యార్క్‌లో సబ్‌వే స్టేషన్ పక్కన అప్పట్లో మేము అద్దెకున్న బిల్డింగ్‌లో, మా అంతస్తులోనే చివరి అపార్ట్‌మెంట్ ఆవిడది. సొంతూరు నర్సాపురం. భర్త పోయారు, ఒక్కగానొక్క కొడుకు జోయెల్ భార్య, కూతురితో దేశానికి ఆ చివర బర్నబీలో ఉండేవాడు. చాలాకాలం పార్లర్లో పనిచేసి రిటైరయ్యాక, తెలిసిన ఆడపిల్లలకు మాత్రం ఇంట్లోనే వాక్సింగ్ చేసేవారు. అప్పుడే నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. మార్కమ్‌లో స్నేహితురాలి రిసెప్షన్‌కి స్లీవ్‌లెస్ జాకెట్టు కుట్టించుకుని, దానికి తగ్గ ధైర్యం లేక ఆవిడ తలుపు తట్టాను. వెంట్రుక ఇంకా పొట్టిగా ఉందని, బియ్యపు గింజంతైనా పెరిగితే గానీ పాకం పట్టుకోదని వెనక్కి పంపేశారు. పెరిగాక మళ్ళీ వెళ్ళాను.

“నొప్పి పుడుతుందా ఆంటీ?” అని అడిగాను, పుట్టదంటారన్న ఆశతో.

“పుడద్ది. ఎందుకు పుట్టదు?” అన్నారు ఆవిడ, నా చంకలో పౌడరు అద్దుతూ.

“చీమ కుట్టినట్టుంటుందేమో కదా.”

“చీమ కుట్టినట్టుంటదని మీ అమ్మ చెప్పుద్ది. నేను చెప్పను. చురుక్కుమని మండుద్ది. నువ్వు నన్ను తిట్టుకునేలోపే తగ్గుద్ది. మొదటిసారి కాబట్టి ఎక్కువే ఉంటది, తర్వాత్తర్వాత అలవాటవుద్ది. ఇయ్యాల డియోడరెంటు రాయకు, బిగుతు బట్టలేసుకోకు. రేపు ఎర్రగా చిన్న పొక్కులు లేత్తే హడలిపోయి నాకు ఫోన్ చెయ్యకు. అయ్యే పోతాయి.”

పాకం వేడి ముందు తన మణికట్టు మీద చూసుకున్నారు. చంకలో వెంట్రుకలు తలో దిక్కుకీ తిరిగి ఉంటాయట, అందుకని కొంచెం కొంచెంగానే రాస్తారు. రాసి, పైన గుడ్డ పట్టీ అంటించి, అరచేత్తో అదిమారు. నేను పళ్ళు బిగించి కళ్ళు మూసుకున్నాను. ఏమీ జరగలేదు. మళ్ళీ కళ్ళు తెరిచి చూస్తే ఆవిడ తాపీగా నా మొహంలోకి చూస్తున్నారు.

“ఏమైంది ఆంటీ?”

“నీకోసమే చూస్తన్నా. ఊఁ అను.”

“మీరు లాగేయండి ఆంటీ, నేను చూడను.”

“అలా కుదరదు. ఇది నీ ఒళ్ళు. నువ్వు ఊఁ అంటేనే నా చెయ్యి లేత్తది. వద్దన్నావనుకో, అదిగో వేణ్ణీళ్ళు. తుడిచేత్తా. టీ తాగి పోదువుగాని.”

మంచం పక్కన స్టూలు మీద నిజంగానే గోరువెచ్చని నీళ్ళ గిన్నె ఉంది. పంచదార పాకం కాబట్టి నీళ్ళకి కరిగిపోతుంది. నేను ఊఁ అన్నాను. పట్టపగలు చుక్కలు కనిపించాయి. ఎలాగో ఆ చంక పూర్తయింది గానీ, రెండోవైపు పాకం రాశాక నాకు ధైర్యం చాలలేదు. వద్దన్నాను. ఆవిడ మొహం చిట్లించకుండా తుడిచేసి టీ పెట్టారు. ఆ రిసెప్షన్‌లో నేను కుడి చేత్తోనే అక్షింతలు వేశాను, కుడి చేత్తోనే అందరికీ టాటా చెప్పాను. ఎడమ చెయ్యి మాత్రం ఒంటికి అతుక్కుపోయినట్టే ఉంది. ఆ ఫోటోలు చూసి ఎస్తేరు ఆంటీ కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. మళ్ళీ వారం నా అంతట నేనే వెళ్ళి రెండోవైపు చేయించుకున్నాను.

మా ఇంట్లో అన్నీ చీమ కుట్టినట్టే ఉండేవి. ఇంజెక్షన్‌కీ అదే మాట, పన్ను పీకించినప్పుడూ అదే మాట. చెవులు కుట్టించినప్పుడు నా చేతిలో లడ్డూ పెట్టి, వెనక నుంచి ఇద్దరు పట్టుకున్నారు. అంతా ప్రేమతోనే, కాదనను. కానీ లడ్డూ చూస్తే ఇప్పటికీ నాకు అనుమానమే. నొప్పి సంగతి ముందే చెప్పి, నా జవాబు కోసం ఆగిన మొదటి మనిషి ఎస్తేరు ఆంటీయే.

కొన్నేళ్ళ తర్వాత ఒక చలికాలంలో ఆవిడకి జబ్బు చేసింది. ఆసుపత్రికి నేనే డ్రైవ్ చేసి తీసుకువెళ్ళేదాన్ని. ఆవిడ ఇంగ్లీషు కొట్లో సరుకులకి సరిపోతుంది గానీ డాక్టర్లతో చాలదు. నేను బయట కూర్చుంటే, లోపల డాక్టర్ చెప్పింది జోయెల్ ఫోన్‌లో విని ఆవిడకి తెలుగులో చెప్పేవాడు. ఒకరోజు నాకు విడిగా ఫోన్ చేశాడు.

“అక్కా, క్యాన్సరంట. లివర్‌కి స్ప్రెడ్ అయిందంట. ట్రీట్‌మెంట్ ఇస్తే కొంచెం టైమ్ వస్తుంది, అంతేనంట. మమ్మీకి మాత్రం ఇన్ఫెక్షన్ అని చెప్పా. మీరు కూడా అదే మెయింటెయిన్ చేయండి, ప్లీజ్. తెలిస్తే కుంగిపోద్ది.”

అతనికి అవునని చెప్పలేదు, కాదనీ అనలేదు. చెడ్డవాడు కాదు జోయెల్. తల్లి చేతిలో లడ్డూ పెడుతున్నాడు, అంతే. కానీ ఆవిడేమో, ఇన్ఫెక్షన్ తగ్గాక ఎండాకాలంలో బర్నబీ వెళ్ళి మనవరాలితో గడుపుతానని తీరిగ్గా లెక్కలు వేసుకుంటున్నారు.

మర్నాడు ఆసుపత్రిలో ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను. ఆవిడ కిటికీ వైపు చూస్తూ అన్నారు. “అమ్మాయ్, ఇన్ఫెక్షనైతే పాస్టరుగారు కళ్ళనీళ్ళెట్టుకుని ప్రార్థన చేత్తారా? నీకేమన్నా తెలుసా?”

‘తెలీదు’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. సెలైన్ సూది లేని చేతి మీద నా అరచెయ్యి ఆనించాను.

“తెలుసు ఆంటీ. చెప్తే నొప్పి పుడుతుంది. చెప్పమంటారా? వద్దంటే ఇంక ఆ మాట ఎత్తను. టీ తెస్తాను.”

ఆవిడ నా మొహంలోకి చూశారు, తర్వాత నా చేతివైపు చూశారు. పెదవి చివర ఒక నవ్వు కదిలి ఆగిపోయింది. కింద పార్కింగ్‌లో మంచు తోసే బండి చాలాసేపు అటూ ఇటూ తిరిగింది. నేను తొందరపెట్టలేదు.

“ఊఁ,” అన్నారు.

చెప్పాను. ఏడ్చారు. నేనూ ఏడ్చాను. తర్వాత మొహం తుడుచుకుని, “జోయెలుకి ఫోన్ కలుపు,” అన్నారు. కొడుకుని ఒక్క మాట కూడా అనలేదు. “ఎండాకాలం దాకా ఆగలేనురా. టికెట్ తియ్యి, నీ దగ్గరికి వచ్చేత్తా,” అన్నారు. జోయెల్ మాత్రం నామీద మండిపడ్డాడు. చెప్పడానికి నాకేం హక్కుందని అడిగి, నాతో మాట్లాడటం మానేశాడు. ఆవిడ వెళ్ళి మనవరాలి గదిలోనే పడుకున్నారు. వసంతంలో అక్కడే పోయారు.

అంత్యక్రియలయ్యాక జోయెల్ ఫోన్ చేశాడు. “అక్కా, చివర్లో పక్క తిప్పాలన్నా, మందు వెయ్యాలన్నా నన్ను ముందు అడగమనేది. ఊఁ అనేదాకా చెయ్యి పట్టుకుని ఆగేవాణ్ణి,” అన్నాడు.

ఇప్పుడు నిత్య మంచం మీద చెయ్యి పైకెత్తి పడుకుంది.

“అమ్మా, ఈజ్ ఇట్ గోయింగ్ టు హర్ట్?”

“నొప్పి పుడుతుంది. చురుక్కుమని మండి, తగ్గిపోతుంది. రేపు కాస్త ఎర్రగా ఉంటుంది.” చీమ పేరు నేను ఎత్తలేదు. గోరువెచ్చని నీళ్ళ గిన్నె దానికి కనపడేలా పెట్టాను. పట్టీ అంటించి అదిమాను. “ఊఁ అను.”

“జస్ట్ డూ ఇట్, అమ్మా!”

“కుదరదు. నీ ఒళ్ళు. వద్దంటే తుడిచేస్తా.”

అది కళ్ళు తెరిచి నన్ను చూసింది. గిన్నెని చూసింది. మళ్ళీ నన్ను చూసింది. వంటింట్లో మిగిలిన పాకం చల్లారిపోతోంది. చల్లారనీ, మళ్ళీ కాచుకోవచ్చు.