ఎర్రదారం ముడి

వేడి సాంబారు కవరులోకి పోస్తుంటే వచ్చే వాసన నాకు పడదు. పోపు వాసన అడుగున కాగిన ప్లాస్టిక్ వాసన ఒకటి ముక్కుకు తగులుతుంది. నిన్న సాయంత్రం మా వీధి చివర కర్రీ పాయింట్‌లో నేను స్టీలు గిన్నె చాచేలోపే అతను కవరు నింపి, మూతి మెలిపెట్టి, దారం చుట్టి బిగించేశాడు. ఆ ముడి చూడగానే ఆండాళమ్మ టీచర్ గుర్తొచ్చారు. ఇంటికొచ్చాక అన్నం తినబుద్ధి కాలేదు.

తిరుపతిలో ఆమె మా ఎదురింట్లో ఉండేవారు. బడిలో సైన్సు పాఠాలు, సాయంత్రం నాకు ట్యూషన్. భర్త రంగాచారిగారిది గుడి ఆఫీసులో ఉద్యోగం. మడీ ఆచారమూ గట్టిగా ఉన్న ఇల్లు. పొద్దున మడిచీర కట్టుకున్నాక, పెరుమాళ్ళకు ఆరగింపు అయి తాము భోంచేసేదాకా టీచర్ గేటు దాటరు. గేటు అవతల పాలమ్మే మునెమ్మ ఆవు వచ్చి నిలబడేది. దానికి పెట్టకుండా తినకూడదు, మడితో వీధిలోకి రాకూడదు. అందుకని అన్నం కవరులో వేసి, పాత పట్టుచీర అంచులోంచి లాగిన ఎర్రదారంతో ముడివేసి, గేటు మీంచి అవతలకు వేసేవారు. వీధిలో సగం ఇళ్ళది ఇదే పద్ధతి. పుణ్యానికి పుణ్యం, మడికి మడి. ఆవు కవరు చింపుకుని అన్నం మాత్రమే తింటుందని అంతటి సైన్సు టీచరూ నమ్మారు, మేమూ నమ్మాం.

ఒక ఎండాకాలం ఆవు మేత మానేసింది. కడుపు ఉబ్బింది. పశువుల డాక్టరు వచ్చేసరికే పడి చచ్చిపోయింది. ఆయన కడుపు కోసి చూపిస్తే కవర్లన్నీ పెనవేసుకుని ముద్దకట్టి ఉన్నాయి. మునెమ్మ పలుపుతాడు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. టీచర్ మడిచీరతోనే గేటు దాటి వచ్చి, వంగి, ఆ ముద్దలోంచి ఒక కవరు లాగారు. ఎర్రదారం ముడి ఊడలేదు.

"ఇది నాది మునెమ్మా," అన్నారు.

మునెమ్మ తలెత్తలేదు. "మీదొకటేనా టీచరమ్మా. అందురూ యేసినారు. నోరులేందానికి ఏం తెలుస్తాది, పెట్టింది తినింది."

ఆమె తిట్టి ఉంటే బాగుండేదని టీచర్ ఎన్నోసార్లు నాతో అన్నారు. మునెమ్మ మళ్ళీ ఆవును కొనలేకపోయింది. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. మా వీధికి ప్యాకెట్ పాలు వచ్చాయి.

టీచర్ అప్పటినుంచి మడి వదిలేశారు. పొద్దున్నే వీధంతా తిరిగి, గోడల పక్కన పడేసిన కవర్ల ముడులు విప్పి, అన్నం పశువుల తొట్టిలో పోసి, కవర్లు ఇంటికి తెచ్చేవారు. "ఆ ఎంగిలి ముట్టుకుని వంటింట్లోకి ఎట్టొస్తావు?" అన్నారు రంగాచారిగారు. "రాను. మీరే వండండి," అన్నారామె. కొన్నాళ్ళు ఆయన వండారు కూడా, ముఖం చింతపండు చేసుకుని. వీధిలో ఆమెకు చెత్త టీచర్ అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళలో ఆవు చచ్చిన రోజు కళ్ళు తుడుచుకున్నవాళ్ళూ ఉన్నారు.

మెల్లగా సీసాలూ డబ్బాలూ కూడా ఏరుకొచ్చారు. నా ట్యూషన్ కూడా ఆ సామాను మధ్యే జరిగేది. "అడుగున త్రికోణంలో అంకె సూడు," అనేవారు. "ప్లాస్టిక్ ఏ రకమో అదే చెప్తుంది. ఒకటి నీళ్ళ సీసా. రెండు షాంపూ డబ్బా. ఐదు పెరుగు డబ్బా. ఇవి పాతసామానాయన తీసుకుంటాడు, కరిగించి మళ్ళీ ఏదో ఒకటి చేస్తారు. మూడు పైపులు. వాటిని సీసాల్లో కలిపితే అన్నీ చెడతాయి." అంకె లేకపోతే నీళ్ళ బకెట్ తెప్పించేవారు. నీళ్ళ సీసా ముక్క మునిగింది, దాని మూత తేలింది. రెండూ ఒకటి కాదని నాకు అప్పుడే తెలిసింది. పాలప్యాకెట్లది నాలుగో అంకె. కడిగి, బట్టల తీగ మీద రవికల పక్కన ఆరేసేవారు. ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరిస్తే ఊరుకునేవారు కాదు, ఆ చిన్నముక్క మళ్ళీ దొరకదని.

పల్చటి కవర్లను మాత్రం పాతసామానాయన ముట్టుకోలేదు.

"ఇవి యాడికి పంపాల టీచర్?" అని అడిగాను.

"యాడికీ పోవు," అన్నారు. "మనం అసలు తీసుకోకుండా ఉండటమే." అవి మెట్ల కింద గోనెసంచుల్లో పెరుగుతూ పోయాయి.

పోయిన ఏడాది టీచర్ పోయారు. కర్మలన్నీ ముగిసిన రోజు భోజనాలయ్యాక, మిగిలిన అన్నం వంటవాళ్ళు కవర్లలో కట్టి, ఆవులకని గేటు పక్కన వరసగా పెట్టారు. ఎవరికీ ఏమీ అనిపించలేదు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కొత్తచీర కుచ్చిళ్ళు దోపుకుని కింద కూర్చుని ముడులు విప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి రంగాచారిగారు కర్ర పక్కన పెట్టి, గోడ పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నారు. ముడి చేతికి ఊడక, పంటితో కొరికారు. ఒకప్పుడు ఆ కవర్లు ముట్టిన భార్యను వంటింట్లోకి రావద్దన్న మనిషి.

"ఇన్నేళ్ళూ అది ఒక్కతే విప్పింది," అన్నారు.

నిన్నటి సాంబారు కవరు కూడా విప్పాను. కడిగి, వంటింటి కిటికీకి ఆరేశాను. పొద్దుటికి ఆరిపోయింది. దాన్ని తీసుకెళ్ళి, మా ఇంటి మెట్ల కింద ఉన్న గోనెసంచిలో వేశాను.